వయసు అడక్కండి, "హాఫ్ కొట్టేయనా" అనండి

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

పోయిన ఆదివారం మీ సండే బుక్‌లో అబద్ధాలకోరుల్ని ఇట్టే పట్టేయడం ఎలా అని ఒక ఆర్టికల్ వేశారు. ముక్కు గోక్కుంటే అబద్ధం, కళ్ళల్లోకి చూడకపోతే అబద్ధం, కాళ్ళు ఊపితే అబద్ధం, మాట తడబడితే అబద్ధం అని బొమ్మలేసి మరీ చెప్పారు. నేను 31 ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యానండి, అందులో ఎక్కువ కాలం తణుకు, అత్తిలి, భీమవరం రూట్లోనే. మీ లెక్కన చూస్తే నా బస్సెక్కినోళ్ళంతా అబద్ధాలకోరులే, ఎందుకంటే మే నెలలో పల్లెవెలుగు బస్సులో ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నిలబడుంటే కండక్టరు కళ్ళల్లోకి ఎవరు చూస్తారు, ఆ చెమటకి ముక్కేం ఖర్మ, ఎక్కడ గోక్కోరు చెప్పండి.

మా కోడలు సైకాలజీలో ఎమ్మే చేసింది. ఆర్టికల్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే "మామయ్య గారూ ఇవన్నీ నమ్మేయకండి" అని నవ్వే బొమ్మ ఒకటి పెట్టి, ఒక నాలుగైదు రీసెర్చ్ పేపర్లు పంపింది. ఫోన్లో ట్రాన్స్‌లేట్ పెట్టుకుని, అది చెప్పే తెలుగు అర్థం కాక మళ్ళీ ఆ పిల్లకే ఫోన్ చేసి విసిగించి, మొత్తానికి చదివాను. రిటైరైనోడికి ఇంతకన్నా పనేముంది. 2006లో చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అని ఇద్దరు, అంతకుముందు జరిగిన ప్రయోగాలన్నీ పోగేసి లెక్క కట్టారట, అన్నీ కలిపితే 24 వేల మంది పైచిలుకు. ఎదుటి మనిషి చెప్పేది నిజమో అబద్ధమో చెప్పండయ్యా అంటే, వాళ్ళు కరెక్టుగా చెప్పింది 100కి 54 సార్లు. రూపాయి బిళ్ళ ఎగరేసినా 50 సార్లు కరెక్ట్ అవుద్ది కదండీ, ఆ పైనున్న నాలుగు కోసం ఇన్ని బొమ్మలెందుకు వేసినట్టు.

సరే అది పక్కన పెడితే నాకు అసలు బాధ ఏంటంటే, మనం ఎప్పుడూ అబద్ధం చెప్పినోణ్ణి ఎలా పట్టుకోవాలి అనే ఆలోచిస్తాం గానీ, ఆ మనిషి నోట్లోంచి అబద్ధం వచ్చేలా మనం ఏం అడిగాం, ఎలా అడిగాం, ఎవరి ముందు అడిగాం అన్నది ఎవ్వరం చూసుకోం. ఇది నాకు చదివితే వచ్చింది కాదు, ఒకావిడ మొహం చూసి వచ్చింది.

అప్పటికి నాకు సర్వీసు ఐదారేళ్ళు ఉంటుంది, టికెట్ కొట్టే టిమ్ మిషన్లు రాలేదింకా, టికెట్ చింపి ఇవ్వడమే. తణుకులో ఒకావిడ కొడుకుతో ఎక్కింది, చక్కగా ఇస్త్రీ చీర, పిల్లాడికి యూనిఫారం, టై, బెల్టు, వీపు మీద వాడంత బ్యాగు. భీమవరం ఒకటి ఇవ్వమంది. మాకు రూలు మీకు తెలిసిందే, ఐదేళ్ళ లోపు ఫ్రీ, ఐదు నుంచి పన్నెండు దాకా హాఫ్. నేను గట్టిగా, బస్సంతా వినపడేలా, "బాబుకి ఎన్నేళ్ళమ్మా" అన్నాను. కండక్టరు గొంతే అంతండి, మెల్లగా మాట్లాడ్డం మాకు రాదు. ఆవిడ "నాలుగు నిండి ఐదో ఏడండి" అంది. ఇంతలో వాడు తలెత్తి "అదేంటమ్మా, మొన్న కేకు మీద ఏడు కొవ్వొత్తులు పెట్టావు కదా" అన్నాడు. బస్సు బస్సంతా ఘొల్లుమంది. నేనూ ఊరుకోలేదు, "ఏవమ్మా, కేకు మీద ఏడు, బస్సులో నాలుగా" అని ఒక జోకు కూడా వేసేశాను. ఆవిడ వాడి తొడ మీద గిల్లింది, వాడు కెవ్వుమన్నాడు, హాఫ్ టికెట్ డబ్బులు తీసి నా చేతిలో పెట్టింది, ఇంక తలెత్తలేదు.

అత్తిలిలో బస్సు ఆగగానే ఆవిడ పిల్లాణ్ణి తీసుకుని దిగిపోయింది. భీమవరానికి టికెట్ ఉంది కదా అని నేను కిటికీలోంచి పిలిచాను. వినపడనట్టే వెళ్ళిపోయింది. దిగాక గమనించాను, చేతిలో పర్సు నిండుగానే ఉంది, డబ్బుల్లేక చెప్పిన అబద్ధం కాదు అది, ఏదో అలవాటుగా, అందరూ చెప్తారు కదా అని నోటికొచ్చేసింది. కానీ రెండు టికెట్ల డబ్బులు పోయినా పర్లేదు గానీ ఆ బస్సులో ఇంకో అరగంట కూర్చోలేకపోయింది చూడండి, అది నాకు చాలా రోజులు పట్టి పీడించింది. పైగా ఆ పిల్లాడు ఆ రోజు నేర్చుకున్నదేంటి? నిజం చెప్తే గిల్లుతారు అని.

తర్వాత నేను అడగడం మార్చేశాను. పిల్లలతో ఎవరైనా ఎక్కితే కొంచెం వంగి, మామూలు గొంతుతో, "అమ్మా బాబుకి హాఫ్ కొట్టేయనా" అనేవాణ్ణి, అంతే. వయసు మాటే లేదు. పది మందిలో తొమ్మిది మంది "ఆ కొట్టండి" అనేవారు. ఆ ఒక్కళ్ళు మాత్రం "అబ్బే వీడికి నాలుగేనండి" అంటే నిజంగా నాలుగే అయ్యుండేది చాలాసార్లు. మనుషులు అదే మనుషులండి, అదే రూటు, అదే టికెట్. "ఎన్నేళ్ళు" అంటే లెక్క తప్పించుకునే దారి కనపడుద్ది, "కొట్టేయనా" అంటే ఒప్పుకునే దారి కనపడుద్ది, ఏ దారి కనిపిస్తే అటే వెళ్తారు జనం. ఇప్పుడంటే ఆడవాళ్ళకి ఫ్రీ వచ్చేసింది, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి, ఇంక ఆ అబద్ధాల్లో సగం అవసరమే లేకుండా పోయాయి.

మీ ఆర్టికల్లో ఇంకో మాట రాశారు, ప్రతి మనిషీ రోజూ అబద్ధాలు చెప్తాడని. అది కూడా పూర్తిగా నిజం కాదట. ఆ డిపాలో గారే 1996లో ఒక పని చేసింది, 77 మంది కాలేజీ పిల్లలకి, ఊళ్ళో మామూలు జనం ఇంకో 70 మందికి డైరీలిచ్చి వారం రోజులు చెప్పిన ప్రతి అబద్ధం రాసుకోమంది. కాలేజీ పిల్లలకి రోజుకి రెండు, పెద్దాళ్ళకి రోజుకి ఒకటి చొప్పున తేలాయి. ఇది పట్టుకునే అందరూ రోజూ అబద్ధాలాడతారు అనేస్తున్నారు. కానీ 2010లో ఇంకొకళ్ళు 1000 మంది అమెరికావాళ్ళని అడిగితే, గడిచిన 24 గంటల్లో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదన్నవాళ్ళు 60 మంది నూటికి, మొత్తం అబద్ధాల్లో సగం దాకా చెప్పింది 5 శాతం మంది మాత్రమేనట. ఇది చదివి నేను ఒక్కణ్ణే నవ్వుకున్నాను, ఎందుకంటే మా బస్సులోనూ అంతే. పాస్ ఇంట్లో మర్చిపోయానన్నవాడు నిన్న కూడా మర్చిపోయాడు, మొన్న కూడా మర్చిపోయాడు, ఆ మొహాలు నాలుగైదే. మిగతా జనం నోరు మూసుకుని చిల్లర ఇచ్చి టికెట్ తీసుకుంటారు, వాళ్ళ మీద ఎవరూ ఆర్టికల్ రాయరు.

(అలాగని రీసెర్చ్ అన్నదల్లా వేదం అనుకోవద్దు. ఫారం కింద కాకుండా పైనే సంతకం పెట్టిస్తే జనం నిజాయితీగా నింపుతారని 2012లో ఒక పెద్ద పేపర్ వచ్చి తెగ పేరు తెచ్చుకుందట, తీరా చూస్తే అందులో ఒక ప్రయోగం డేటానే కల్పితమని బయటపడి 2021లో వెనక్కి తీసుకున్నారు. నిజాయితీ మీద రాసిన పేపరండీ! మా కోడలు ఇది చెప్తూ పడీపడీ నవ్వింది.)

ఆ డైరీల్లో ఇంకో విషయం ఉంది. తన కోసం చెప్పుకునే అబద్ధాలు, ఎదుటివాళ్ళ కోసం చెప్పేవి అని రెండు రకాలుగా విడదీశారు. మొత్తం మీద తన కోసం చెప్పుకునేవే ఎక్కువ, కానీ ఆడవాళ్ళు ఆడవాళ్ళతో మాట్లాడేటప్పుడు మాత్రం రెండో రకం కూడా దాదాపు అంతే ఉన్నాయట. "కూర బాగుందొదినా" లాంటివి అనుకుంటా. ఈ రెండు రకాలూ ఒకే బస్సులో, ఒకే నిమిషంలో చూశాను నేను, అందులో మొదటి రకం నాదే.

కొత్తలో జరిగింది. స్టేజి దాటేలోపు టికెట్లు ఇచ్చేసి ఎస్సార్, అంటే ఇచ్చిన టికెట్ల లెక్క కాగితం, రాసుకోవాలి మేము. ఆ రోజు సంత, జనం విపరీతం, తణుకులో ఎక్కిన ఒక ముసలావిడ బుట్ట పక్కన పెట్టుకుని వెనక సీట్లో కునుకు తీస్తోంది, నేను చూసుకోలేదు. అత్తిలి ఇంకా రాకుండానే చెకింగ్ స్క్వాడ్ బస్సు ఆపేశారు. ఒకాయన సరాసరి వెనక్కి వెళ్ళి "ఈవిడ టికెట్ ఏదయ్యా" అన్నారు. నా గుండె జారిపోయింది. నిజం చెప్తే "మర్చిపోయాను సార్" అనాలి, కానీ ఉద్యోగం కొత్త, పెళ్ళై ఆరు నెలలు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది, "ఇప్పుడే వెనకాల స్టాపులో ఎక్కింది సార్, ఇస్తున్నాను". ఆలోచించి చెప్పింది కాదండి అది, బండి మీదికొస్తే పక్కకి దూకుతాం చూడండి, అలాంటిది. ఆయన ముసలావిడ వైపు తిరిగి "ఎక్కడెక్కావమ్మా" అన్నారు. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, కొంగుముడి విప్పుతూ, "ఇప్పుడే ఎక్కాను బాబూ, ఈ అబ్బాయి అడుగుతానే ఉన్నాడు, నేనే డబ్బులు వెతుక్కుంటన్నా" అంది. ముక్కు గోక్కోలేదు, మాట తడబడలేదు.

వాళ్ళు దిగిపోయాక దగ్గరికెళ్ళి ఎందుకలా చెప్పావమ్మా అని అడిగితే "నీ మొహం పాలిపోయింది నాయనా, మా రెండోవాడు గుర్తొచ్చాడు" అంది. తర్వాత, "తణుకు నించి ఎంతవుద్దో అంతా తీసుకో, గవర్మెంటు సొమ్ము నాకెందుకు" అని మిగతా డబ్బులు కూడా లెక్కపెట్టి ఇచ్చింది. ఆవిణ్ణి మీరు అబద్ధాలకోరు అంటారా, నన్ను అంటారా. నన్నే అనండి, నాకేం కోపం లేదు.

మన పెద్దవాళ్ళకి ఇదంతా ఎప్పుడో తెలుసనుకుంటాను. పోతన గారి భాగవతంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ బొంకొచ్చో ఒక లిస్టు చెప్తాడు కదా, ఆడవాళ్ళ దగ్గర, పెళ్ళిళ్ళలో, ఆ తర్వాత "ప్రాణ విత్త మాన భంగమందు" అని. పెళ్ళిళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు, ఇప్పుడు ఆ వెయ్యీ బయోడేటాలోనే అయిపోతున్నాయి. కానీ ఆ మూడు మాటలూ చూడండి, ప్రాణం, డబ్బు, పరువు. చెకింగ్ ఆయన ముందు నాకు ఉద్యోగం, ఆ కేకు తల్లికి పరువు. బలి మాత్రం ఆడిన మాట తప్పనన్నాడు, సరే, అందరం బలిచక్రవర్తులం కాదు కదా, తణుకులో టికెట్ కొట్టుకునేవాళ్ళం.

ఇంక మా ఇంటి సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ ఉత్తరమే ఒక రకం అబద్ధం అవుద్ది.

మావాడు బీటెక్ చదివేటప్పుడు రెండేళ్ళ పైన నాకు అబద్ధం చెప్పాడు. రిజల్ట్స్ ఇంకా రాలేదు, సైట్ ఓపెన్ అవ్వట్లేదు, రీవాల్యుయేషన్‌కి పెట్టాను, ఒక్కటే పోయింది అదీ రాసేశాను. నేను నమ్మాను. నమ్మడమేంటి, డిపోలో అందరికీ మావాడికి జాబ్ వచ్చేస్తోంది అని చెప్పుకుని పూతరేకులు కూడా పంచాను. బస్సులో రోజుకి వెయ్యి మంది మొహాలు చదివే నేను, నా ఎదురుగా కూర్చుని అన్నం తినేవాడి మొహం చదవలేకపోయాను. చివరికి వాడి ఫ్రెండొకడు ఫోన్లో నోరుజారితే బయటపడింది, 11 బ్యాక్‌లాగ్స్. ఆ రోజు ఇంట్లో ఏం జరిగిందో రాయను, ఎవరింట్లోనైనా అదే జరుగుతుంది.

కొన్నేళ్ళ తర్వాత, అన్నీ క్లియర్ చేసి ఉద్యోగంలో చేరి, పెళ్ళి కూడా అయ్యాక, ఒకరోజు మేడ మీద కూర్చున్నప్పుడు అడిగాను, అప్పుడే నాతో ఎందుకు చెప్పలేదురా, చంపేస్తానా నేను అని. వాడు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "ఇంటర్ ఫస్టియర్‌లో మ్యాథ్స్‌లో మార్కులు తగ్గాయని నేనే వచ్చి చెప్పా గుర్తుందా నాన్నా, మూడ్రోజులు మాట్లాడలేదు నువ్వు నాతో. అప్పుడే అనుకున్నా, ఇంకెప్పుడూ చెప్పకూడదని". నాకు ఆ మూడ్రోజులు గుర్తే లేవండి. నిజంగా గుర్తు లేవు. వాడికి మాత్రం మూడో రోజు సాయంత్రం ఏం కూరో కూడా గుర్తుంది.

మా కోడలు పంపిన వాటిలో ఒకటి చదువుతుంటే నాకు మావాడు చెప్పిన ఆ మూడ్రోజుల మాటే గుర్తొచ్చింది. 2011లో విక్టోరియా తల్వార్, కాంగ్ లీ అని ఇద్దరు పశ్చిమ ఆఫ్రికాలో ఒక దేశంలో రెండు స్కూళ్ళు తీసుకున్నారు, ఒకదాంట్లో పెన్సిల్ మర్చిపోయినా బెత్తంతో కొడతారు, ఇంకోదాంట్లో మందలించి పక్కన కూర్చోబెడతారు. మూడు నాలుగేళ్ళ పిల్లలు, మొత్తం 84 మంది. వెనకాల ఒక బొమ్మ పెడతారు, వెనక్కి తిరక్కుండా దాని శబ్దం విని ఆ బొమ్మేంటో చెప్పాలి, పెద్దాయన బయటికెళ్ళినప్పుడు తొంగి చూడకూడదు. రెండు స్కూళ్ళలోనూ దాదాపు అందరూ తొంగి చూశారు, పిల్లలు కదా. చూశావా అని అడిగితే, కొట్టని స్కూలు పిల్లల్లో సగం పైచిలుకు మంది అబద్ధం చెప్పారు. కొట్టే స్కూల్లో చూసినోళ్ళు దాదాపు అందరూ చెప్పారు. అంతకన్నా నన్ను కూర్చోబెట్టేసింది ఏంటంటే, కొట్టే స్కూలు పిల్లలు అబద్ధాన్ని బాగా కూడా చెప్పారట, మరి ఆ బొమ్మేమై ఉంటుంది అని అడిగితే నోరు జారకుండా నిలబెట్టుకొచ్చారు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అంటాం మనం, ఆ అతకడం బెత్తం నేర్పింది. మన దగ్గర 2009 విద్యాహక్కు చట్టంలోనే పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అని ఉంది. నేను మావాణ్ణి ఒక్క దెబ్బ కూడా కొట్టలేదని గొప్పలు చెప్పుకునేవాణ్ణి. మూడ్రోజులు మాట్లాడకపోవడం దేంట్లోకి వస్తుందో మరి.

మొదటి అబద్ధం తర్వాత రెండోది తేలికవడానికి కూడా కారణం ఉందట. 2016లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు, గాజు సీసాలో ఎన్ని డబ్బులున్నాయో పక్కవాడికి తప్పు లెక్క చెప్తే తనకి లాభం వచ్చేలా ఆట పెట్టి మెదడుని స్కాన్ చేశారు. మొదట్లో మెదడులో భయం లాంటివి చూసుకునే అమిగ్డలా అనే భాగం గట్టిగా కదిలిందట, చెప్పగా చెప్పగా ఆ కదలిక తగ్గుతూ వచ్చింది, అబద్ధం సైజు పెరుగుతూ వచ్చింది. మావాడిని అడిగాను ఇది నిజమేనా అని. "ఫస్ట్ సెమిస్టర్ రిజల్ట్ గురించి చెప్పినప్పుడు చేతులు చెమటలు పట్టేసాయి నాన్నా, ఐదో సెమిస్టర్‌కి వచ్చేసరికి టీవీ చూస్తూ చెప్పేసేవాణ్ణి" అన్నాడు. స్కాన్ ఎందుకండీ ఇంక.

అబద్ధం చెప్పేవాడి తప్పేం లేదని నేననట్లేదు. చీటీల డబ్బులెత్తుకుపోయేవాడు, ఓటీపీ చెప్పమని బ్యాంకు పేరుతో ఫోన్ చేసేవాడు, వాళ్ళ సంగతి వేరు, వాళ్ళని ఎంత మెత్తగా అడిగినా నిజం చెప్పరు. నేను అంటున్నది మనింట్లో, మన బస్సులో, మన ఆఫీసులో రోజూ చెప్పే మామూలు మనుషుల గురించి. లోన్ యాప్‌లో అప్పు చేసి చెప్పలేనివాడు, అమెరికాలో ఉద్యోగం పోతే హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో కంపెనీ వెతుక్కోడానికి 60 రోజులే టైమంట, ఆ 60 రోజులూ ఇంటికి వీడియో కాల్ చేసి "అంతా బాగుందమ్మా" అని చెప్పే పిల్లలు, ఇటు బీపీ పెరిగి పడిపోయి హాస్పిటల్లో ఉండి కూడా "మేమూ బాగున్నాం నాన్నా" అనే తల్లిదండ్రులు. వీళ్ళ ముక్కులు చూసి ఏం పట్టుకుంటారు మీరు.

అందుకే ఎడిటర్ గారూ, ఈసారి సండే బుక్‌లో పట్టుకోవడం గురించి కాకుండా అడగడం గురించి ఒక పేజీ వేయించండి. మార్కులు ఎలా అడగాలి, అప్పుల గురించి పెళ్ళాం మొగుణ్ణి ఎలా అడగాలి, మందులేసుకుంటున్నారా అని డాక్టరు ఎలా అడగాలి. సైకాలజీ తెలిసినవాళ్ళ చేత రాయించండి, మా కోడలు రాస్తానంటోంది కూడా, డబ్బులివ్వక్కర్లేదంట.

డాక్టరు అంటే గుర్తొచ్చింది. నాకు షుగరుందండి, ఎనిమిదేళ్ళ నుంచి. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరు గారు, పక్కన మా ఆవిడ కూర్చుని ఉండగా, "స్వీట్లేమైనా తింటున్నారా" అని గట్టిగా అడుగుతారు. "అబ్బే" అంటాను. తర్వాత మూడు నెలల షుగరు టెస్టు కాగితం తీసి చూసి ఆయనేం మాట్లాడరు, నేనూ ఏం మాట్లాడను, మా ఆవిడ మాత్రం ఇంటికొచ్చేదాకా మాట్లాడుతూనే ఉంటుంది. వచ్చే సోమవారం మళ్ళీ వెళ్ళాలి. నిన్న సందు చివర షాపులో తాపేశ్వరం కాజాలు రెండు తిన్న సంగతి ఆయన ఒక్కరికే చెప్దామని ఉంది, మా ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమంటే ఎందుకని అడుగుతుంది, దానికేం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టరు,
తణుకు